చలిగదిలో గడవని రోజులు

బేరికాయని కడగకూడదు. ప్యాకింగ్ హౌస్ ల్యాబ్‌లో కొత్తగా ఎవరు చేరినా ఆమె మొట్టమొదట చెప్పే మాట అదే. కాయ కోసేముందు కడగమని ఇంట్లో అమ్మలు నేర్పి పంపుతారు కనుక చెయ్యి దానంతటదే కుళాయి వైపు పోతుంది. ఇక్కడ అలా పోయిందా, పనంతా వృథా. కాయలో ఏ మందు ఎంత మిగిలిందో చూడ్డానికే జీతమిస్తున్నప్పుడు, ముందే కడిగేసుకుంటే ఇక చూడ్డానికేముంది? తొడిమ పీకి, తొక్కతోనూ గింజలతోనూ ముక్కలు చేసి, అన్నీ కలిపి మెత్తగా రుబ్బాలి. పొద్దస్తమానం ఈ రుబ్బుడే కనుక ఆమెను అందరూ మిక్సీ మేడమ్ అంటారు. ఎదురుగానే అంటారు. ఆమె పలుకుతుంది కూడా.

శుక్రవారం బడులకు వెళ్ళే లోడు ఉంది. చుట్టుపక్కల బడుల్లో మధ్యాహ్నం పిల్లలకు తలా ఒక కాయ ఇస్తారు. లోడు కదిలే ముందు ఏదో ఒక తోట కాయల్ని, వంతు ప్రకారం, ల్యాబ్‌లో పరీక్షించాలి. మంగళవారం పొద్దున ఆమె స్వెటర్ మీద కోటు తొడుక్కుని చలిగదిలోకి వెళ్ళింది. లోపల గోడల దాకా పెట్టెలే. ఊపిరి వదిలితే పొగ. ఆ వారం వంతు వచ్చిన పెట్టెల మీద నంబరు చూసి ఆమె మొహం విచ్చుకుంది. అవి మామయ్య తోటవి, అంటే అమ్మ అన్నగారివి.

"పైనున్న పెట్టెల్లోవి తీసుకోవచ్చుగా మేడమ్," అన్నాడు స్టోర్ కీపర్, చేతులు చంకల్లో పెట్టుకుని. "అడుగువి దించాలంటే నా తల ప్రాణం తోకకొస్తుంది."

"పైవి మీరు సర్ది పెట్టినవి. నాక్కావాల్సింది సర్దనివి."

"మీ మామయ్య కాయలు కూడానా? ఆయన కాయకి పరీక్షేంటండీ?"

ఆ మాట నిజమే. మామయ్యను ఊరంతా ఎర్రగుడ్డాయన అంటారు. తోటకు మందు కొట్టిన రోజే గేటుకు ఎర్రగుడ్డ కడతాడు. కాయలో మందు విరగడానికి ఆగాల్సిన రోజులన్నీ ఆగి, గుడ్డ విప్పేదాకా తోటలో ఒక్క కాయ తెంపనివ్వడు. ఒకసారి సంచి పట్టుకుని వెళ్ళిన సొంత చెల్లెల్ని కూడా ఉత్త సంచితో వెనక్కి పంపాడు. అమ్మ ఇప్పటికీ ఆ సంగతి ఎత్తి మూతి తిప్పుతుంది. ఆమె మాత్రం అడుగు పెట్టెలోంచి ఒకటి, గోడవైపు పెట్టెలోంచి ఒకటి, అలా ఏరుకుంటూ సంచి నింపుకుంది. మామయ్య కాయైనా పద్ధతి పద్ధతే.

కాయలు ముక్కలై, ముక్కలు ముద్దై, ముద్దలోంచి మందుని రసాయనంలోకి దించి, వడగట్టి, చిటికెన వేలంత సీసాలో పోసి యంత్రానికి ఇచ్చేసరికి మధ్యాహ్నమైంది. యంత్రం తెర మీద ఒక గీత గీస్తుంది. మందు లేకపోతే గీత పడుకునే ఉంటుంది. ఉంటే, ఎంత ఉంటే అంత ఎత్తుకి లేస్తుంది. ఆమె టీ కలుపుకుని వచ్చి చూసేసరికి గీత నిటారుగా లేచి ఉంది.

టీ అలాగే బల్ల మీద పెట్టి, ఏమీ కలపని సీసాని యంత్రానికి ఇచ్చింది. గీత పడుకుంది. రెండో ముద్ద తీసి మళ్ళీ మొదట్నుంచీ చేసింది. మళ్ళీ అంతే ఎత్తు. ఉండొచ్చన్నదానికి మూడింతలు. యంత్రం అబద్ధం చెప్పదని కాదు, చెబితే ఆమెకు తెలిసిపోతుంది. ఇది అబద్ధం చెప్పడం లేదు. మామయ్య మీద ఆమెకు చిర్రెత్తుకొచ్చింది. ఇన్నేళ్ళు ఆ గుడ్డ పేరు చెప్పుకుని ఊరందరికీ సుద్దులు చెప్పి, చివరికి ఇదా చేసేది అనుకుంది.

యజమాని గదిలో ఎప్పుడూ శాలువా కప్పుకునే కూర్చుంటాడు. రోజుకి పదిసార్లు చలిగదిలోకి వెళ్ళొచ్చే మనిషి, ఎప్పుడూ అందులోంచి ఇప్పుడే వచ్చినట్టుంటాడు. గొంతు మాత్రం వెన్న. ఆమె చెప్పింది విని కాగితం అటూ ఇటూ తిప్పాడు.

"మీ మామయ్యేగా అమ్మా. ఇంకోసారి చూడు."

"చూశాను సార్."

"పోనీ, కడిగి చూడు. ఎవరైనా కడక్కుండా తింటారా?"

"ఈ మందు కడిగితే పోదు సార్. తొక్క దాటి లోపలికి దిగే రకం."

"ఒక్క కాయ తింటే ఎవరైనా పడిపోతారా, చెప్పు."

"మామూలుగా పడిపోరు. కానీ నేను కాయలన్నీ కలిపి రుబ్బి సగటు చూస్తాను. ఏ కొమ్మ మీదో మందు రెండు దఫాలు పడిన కాయ కూడా ఆ ముద్దలో కలిసిపోతుంది. పిల్ల తినేది సగటుని కాదు, ఒక కాయని. అదే కాయ ఆ పిల్ల చేతికొస్తే, పిల్లంటే ఎంత బరువుంటుంది? కడుపులో తిప్పుతుంది, చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి. ఎండ దెబ్బ అనుకుంటారు. అలా కనబడకపోయినా, రోజూ ఇంత ఇంత లోపలికి పోవడం మంచిది కాదు."

యజమాని కాసేపు శాలువా అంచు సర్దుకున్నాడు. ఆయన మొండివాడు కాదు. లెక్క మారగానే తను కూడా మారిపోగలడు.

"అయితే మీ మామయ్య సరిగ్గా కోతకి ముందు మందు కొట్టించాడన్నమాట. పెద్దమనిషి అనుకున్నాను. సరే, ఆ తోట కాయలు ఆపేద్దాం. మిగతావి వెళతాయి."

"మిగతావి కూడా చూస్తాను సార్."

"ఒక లోడుకి ఒక తోట. అది ఒప్పందం. మించి చెయ్యాలంటే నేను అడగాలి, లేదా కాయ తాలూకు రైతు అడగాలి. నేనైతే అడగడం లేదు." నవ్వాడు. "నా కాయ పట్టుకెళ్ళి పరీక్ష చెయ్యండని ఏ రైతు అడుగుతాడమ్మా?"

బుధవారం పొద్దున ఆమె వచ్చేసరికి గేటు దగ్గర బోర్డు మీద సుద్దముక్కతో మామయ్య తోట నంబరు రాసి ఉంది. కింద, మందు ఎక్కువైనందున ఈ తోట కాయలు తీసుకోబడవు అని. అక్షరాలు గుండ్రంగా, ముచ్చటగా ఉన్నాయి. ఆమె ఆగకుండా లోపలికి నడిచింది. కోపం ఇంకా మామయ్య మీదే ఉంది, కానీ ఆ గుండ్రటి అక్షరాలు చూశాక అది కాస్త అటూ ఇటూ అయింది.

స్టోర్ కీపర్ మామయ్య పెట్టెల్ని వేరే మూలకు లాగుతున్నాడు. "పాపం, ఎంత జాగ్రత్త మనిషి," అన్నాడు. "వాన ముంచుకొస్తోందని అందరితో పాటు ముందే కోశాడు గానీ, లేకపోతే ఆయన గుడ్డ విప్పేవాడా? సారు మీటింగులో అందరికీ ధైర్యం చెప్పారు కాబట్టి సరిపోయింది. మిగతా ఆగుడు రోజులు ఇక్కడ గడుస్తాయన్నారు."

ఆమె ఆగింది. "ఎక్కడ గడుస్తాయన్నారు?"

"ఇక్కడే. చలిగదిలో. చెట్టు మీదుంటే ఏంటి, పెట్టెలో ఉంటే ఏంటి, రోజు రోజేగా. ఏం మేడమ్, అలా చూస్తారేం?"

ఆమె ల్యాబ్‌కి దాదాపు పరుగెత్తింది. ల్యాబ్ మూల ఫ్రీజర్ ఉంది. చలిగదిలోకి ఏ తోట కాయలు వచ్చినా, వచ్చిన రోజే కొన్ని తీసి, తర్వాత గొడవలొస్తే సాక్ష్యంగా ఉంటాయని అందులో పడేస్తారు. వాటిని ఎవరూ పరీక్షించరు. ఫ్రీజర్‌లో ఎందుకు పెడతారంటే, బయట ఉంటే మందు విరిగిపోతుంది కనుక. ఎండ తగిలితే, వేడి తగిలితే, చెట్టు మీద కాయ పెరుగుతూ ఉంటే మందు సగమై, ఆ సగంలో సగమై పోతుంది. చల్లగా ఉంచితే ఉన్నదున్నట్టే ఉంటుంది. ఈ సంగతి ఆమెకు చదువుకున్న రోజుల నుంచీ తెలుసు, రోజూ ఆ ఫ్రీజర్ తలుపు తీసి మూస్తూనే ఉంది. గోడకి అవతల ఇంకో పెద్ద ఫ్రీజర్ లాంటి గదిలో కాయలు పేర్చి, మందు పోతుందని అందరూ కూర్చున్నారు.

మామయ్య కాయలు వచ్చిన రోజుది ఒక సంచి దొరికింది. రుబ్బింది, వడగట్టింది, యంత్రానికి ఇచ్చింది. పాత గీతనూ కొత్త గీతనూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తే వెంట్రుకవాసి తేడా. చలిగదిలో అన్ని రోజులూ గడిచాయి, మందుకి మాత్రం ఒక్క రోజూ గడవలేదు. ఆమె గట్టిగా నవ్వేసింది. పక్క బల్ల దగ్గర సీసాలు కడుగుతున్న అమ్మాయి తిరిగి చూసింది. మామయ్య తప్పు చెయ్యలేదన్న సంతోషం ఒక పక్క, లోపలున్న పెట్టెలన్నీ ఇలాగే ఉండుంటాయన్న సంగతి ఇంకో పక్క, రెండూ ఒకేసారి ఆమెను పట్టుకున్నాయి.

సాయంత్రం ఇంటికెళితే అమ్మ వంటింట్లోంచే మొదలుపెట్టింది. బోర్డు సంగతి అప్పటికే ఇల్లు చేరింది.

"నా తోడబుట్టినవాడి కాయ తప్ప నీకు రుబ్బడానికి ఇంకేం దొరకలేదా?"

"వంతు వచ్చిందమ్మా."

"వంతట వంతు. నీ చిన్నప్పుడు నీకు జ్వరమొస్తే భుజాన వేసుకుని తిప్పడానికి అన్నయ్యకి వంతు రాలేదే. వెళ్ళి కనబడు."

"రేపు సార్‌తో తేల్చుకుని వెళతాను."

"సారెవరు మధ్యలో? అన్నయ్య మనూరి వాళ్ళకి మొహం ఎలా చూపించుకుంటాడో నీకు పట్టదా?"

పట్టింది. అందుకే వెళ్ళలేదు. మామయ్య తిడితే పడొచ్చు. పోనీలే అమ్మడూ, సారుతో గొడవెందుకు, నా ఒక్కడితో పోనియ్ అంటాడేమోనని ఆమె భయం. ఆయన అలా అనగల మనిషి. అలా అన్నాక తను మిగతా పెట్టెల సంగతి ఎత్తితే, ఆయన మాట కాదన్నట్టవుతుంది. దానికంటే ముందే పని జరిపించేస్తే మేలు. ఆమెకు తన మీద అంత నమ్మకం. కాగితం మీద గీతలు రెండూ చూపిస్తే ఎవరైనా ఒప్పుకోవాల్సిందే అనుకుంది.

యజమాని నిజంగానే ఒప్పుకున్నాడు. గురువారం పొద్దున ఆమె రెండు గీతలూ బల్ల మీద పరచి చెప్పడం మొదలెట్టిన నిమిషానికే ఆయనకు అర్థమైపోయింది. అదే వచ్చిన చిక్కు. అర్థం కాని మనిషికి విడమరిచి చెప్పొచ్చు. అర్థమైపోయి ఊరుకున్నవాడికి చెప్పేదేముంది?

"ఇది బయటికొస్తే చలిగదంతా ఆపాలి," అన్నాడు మెల్లగా.

"అవును సార్."

"వాన నేను తెప్పించానా? నేనేదో నలుగురికి మంచి జరుగుతుందని చెప్పాను."

"మీరు కావాలని చేశారని నేననడం లేదు. కారణం ఇదని రిపోర్టులో రాస్తాను."

"కారణం రాసే గడి నీ రిపోర్టులో ఉందా?"

లేదు. తోట నంబరు, మందు పేరు, అంకె, సంతకం. అంతే. ఆ అంకె పక్కన ఇంకేం లేకపోతే చదివినవాడెవడైనా రైతుదే తప్పనుకుంటాడు. ఆమె తల వంచుకుని కాగితాలు మడిచింది. గది దాటి వరండాలోకి వచ్చాక, గడి లేకపోతే గీత గీసి రాస్తాను, ఉద్యోగం పోతే పోతుంది అనుకుంది. అనుకున్నాక నిమ్మళించింది.

అప్పుడు గేటు దగ్గర మాటలు వినిపించాయి. రైతులు ఓ పాతికమంది బోర్డు చుట్టూ చేరారు. మర్నాటి లోడు పనుల మీద వచ్చినవాళ్ళు, వచ్చి బోర్డు చూసి అక్కడే ఆగిపోయినవాళ్ళు. అందరికీ ముందు పైతోట అత్త కొంగు నడుముకి దోపుకుని నిలబడింది. వరసకి అందరికీ ఆవిడ అత్తే, నోరు మంచిది కాదని ఆవిడే చెప్పుకుంటుంది.

"నాకొక్కటే అర్థం కావట్లేదు," అంటోంది. "ఈ నంబరు నాదైతే నిజమేనేమో అనుకుందును. మా ఆయన మందు కొడితే లెక్కా పత్రం ఉండదు. ఎర్రగుడ్డాయన కాయలోనే మందుందంటే మన కాయల్లో ఏముంటుందర్రా?"

గుంపు వెనక నుంచి మామయ్య ముందుకొచ్చాడు. చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి, తోటలోంచి నేరుగా వచ్చినట్టున్నాడు. బోర్డు మీద తన నంబరుని ఒకసారి చదువుకుని, ఇటు తిరిగాడు.

"నేను గుడ్డ ముందే విప్పాను," అన్నాడు. "వానకి భయపడి విప్పాను. మిగతా రోజులు చలిగదిలో గడుస్తాయని సారన్నారు, నమ్మాను. రాత్రంతా ఆలోచిస్తే నాకు వేరే తప్పేదీ కనబళ్ళేదు. మీరు కూడా ఆ రోజేగా కోశారు?"

ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. దాదాపు అందరూ తలలూపారు.

"అయితే నావీ రుబ్బించండి," అంది పైతోట అత్త. "ఏదో ఒకటి తెలిసిపోతుంది. మా మనవరాలు చదివేది కూడా ఆ బళ్ళోనే."

"నావి కూడా," అన్నాడొకాయన. తర్వాత ఇంకో ఇద్దరు. అడగని వాళ్ళకి అడగక తప్పని పరిస్థితి వచ్చింది. వద్దంటే తన కాయ మీద తనకే అనుమానమున్నట్టు.

శాలువా సర్దుకుంటూ యజమాని వరండాలోకి వచ్చాడు. గుంపుని చూశాడు, మిక్సీ మేడమ్‌ని చూశాడు. ఊళ్ళో అందరికంటే జాగ్రత్త మనిషిని పట్టుకుని బోర్డెక్కిస్తే జనం నమ్మరన్న సంగతి ఆయనకి అప్పుడు తట్టినట్టుంది. అదే వెన్నలాంటి గొంతుతో, "నేనే చెబుదామనుకుంటున్నాను. అమ్మా, అందరివీ చూసెయ్," అన్నాడు. పైతోట అత్త ముక్కున వేలేసుకుంది.

ఆ రోజంతా ల్యాబ్‌లో ఎవరికీ కూర్చునే తీరిక లేదు. అడిగిన ఒక్కో తోటవీ ఏరడం, కొయ్యడం, రుబ్బడం, సీసాలు వరసలో పెట్టడం. స్టోర్ కీపర్ అడుగు పెట్టెలు అడక్కుండానే దించాడు. గీతలు ఒకదాని తర్వాత ఒకటి లేచాయి. కొన్ని మామయ్య దాని కంటే ఎత్తు. ఒక్క తోటది మాత్రం పడుకునే ఉంది. అది ఏ పనీ వేళకి చెయ్యడని పేరున్న నిద్రమొహం బావది. ఊరంతా వానకి పరుగులు పెట్టి కోస్తుంటే ఆయన కూలీలకి కబురు పెట్టడం మర్చిపోయాడు. తడుస్తూ, ఆరుతూ, కాయలు ఆగాల్సిన రోజులన్నీ చెట్టు మీదే ఆగాయి. ఫలితం విని ఆయన మీసం దువ్వుకున్నాడు. బద్ధకానికి అంత మర్యాద దక్కడం ఊరివాళ్ళు ఎరగరు.

శుక్రవారం పొద్దున లారీ నిద్రమొహం బావ పెట్టెలు నాలుగు వేసుకుని, మిగతా అంతా ఖాళీగా, గడగడా చప్పుడు చేసుకుంటూ గేటు దాటింది. ఈ వారానికి కాయలు రావని యజమాని మిగతా బడులకు తనే ఫోన్ చేసి చెప్పాడు. చలిగదిలో మందు విరగదని రైతులందరి ముందూ ఒప్పుకున్నాడు కూడా. బోర్డు ఎవరు తుడిచారో గానీ సుద్ద మరక మాత్రం మిగిలింది.

మామయ్య అందరూ వెళ్ళాక ల్యాబ్ గుమ్మంలో నిలబడ్డాడు. ఎప్పుడూ ఆ గడప తొక్కని మనిషి, చెప్పులు బయట విడిచి లోపలికొచ్చాడు.

"నీకెప్పుడు తెలిసింది, చలిగది సంగతి?"

"బుధవారం."

"మరి ఇంటికి రాలేదేం?"

"వద్దంటావేమోనని, మామయ్యా."

"నేను వద్దంటే మానేసేదానివా?"

ఆమె ఆలోచించకుండా, "లేదు," అంది.

"మరింకేం. వచ్చి టీ తాగి చెప్పి పోవాల్సింది. నీ మొహం చూస్తే నాకు నిద్రన్నా పట్టేది." స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "సరే. నా పెట్టెలు బయట ఎండలో పెడితే మందు పోతుందా?"

"పోతుంది. కానీ కాయ అంతకంటే ముందు మెత్తబడి పోతుంది."

"చూస్తే తెలుస్తుందిగా. నాలుగు పెట్టెలు బయట పెట్టించాను. వాటిని నువ్వు కోసి చూస్తూ ఉండు. మళ్ళీ వానొస్తే ఏం చెయ్యాలో తెలియాలి." బల్ల మీదున్న కత్తి అందుకున్నాడు. "నేను కోస్తాలే. నువ్వు పొద్దుట్నుంచీ నిలబడే ఉన్నావు."

"ముందు చేతులు కడుక్కో మామయ్యా."

"కాయ కడక్కూడదంటావు, చేతులు కడుక్కోమంటావు."

"పొద్దున ఏం చేసొచ్చావు?"

"కొయ్యకుండా మిగిలిన చివరి వరసకి మందు కొట్టొచ్చాను. గుడ్డ కట్టే వచ్చాలే."

"అదే. నీ చేతులకున్నది కాయకంటుకుంటే నాకు లెక్క తప్పుతుంది. కాయలో ఉన్న దాని కంటే నీ చేతులకే ఎక్కువుంటుంది."

మామూలుగా, పని మధ్యలో అనేసిన మాట. ఆయన కత్తి కింద పెట్టి తన అరచేతులు తిప్పి చూసుకున్నాడు. గోళ్ళ చుట్టూ చర్మం పసుపుగా బిరుసెక్కి, వేళ్ళ సందుల్లో పగుళ్ళు. పిల్లల్లో కనబడే లక్షణాలంటూ యజమానికి తను చెప్పిన వరస ఆమెకు గుర్తొచ్చింది. తలనొప్పనీ చెమటలనీ మామయ్య ఎన్నిసార్లు మధ్యాహ్నం మంచమెక్కాడో, ఎండ దెబ్బే అని అమ్మ ఎన్నిసార్లు చెప్పిందో కూడా గుర్తొచ్చింది. ఇందాక కత్తి పట్టుకున్నప్పుడు ఆయన వేళ్ళు సన్నగా వణికాయి. అది వయసు వల్లేనని ఆమె ఇంతకాలం అనుకుంది.

"ఈ చేతుల్తోనే తిన్నానమ్మడూ, ఇన్నేళ్ళూ," అన్నాడు మామయ్య. ఫిర్యాదులా అనలేదు, ఇప్పుడే తెలిసిన సంగతి చెప్పినట్టు అన్నాడు.

వారమంతా యజమానికి ఎదురు నిలిచిన ఆమెకు అప్పుడు భయమేసింది. కాయలో ఎంతుండొచ్చో ఆమె దగ్గర లెక్కుంది. ఒక మనిషిలో ఇన్నేళ్ళకి ఎంత చేరిందో రుబ్బి చూడ్డానికి లేదు. ఆమె చేతులకి తొడుగులు వేసుకుని ఆయన్ని కుళాయి దగ్గరికి తీసుకెళ్ళింది. సబ్బు రాసి, ఒక్కో వేలూ విడదీసి, గోళ్ళ కింద బ్రష్షుతో తోమి, మోచేతుల దాకా కడిగింది. ఆయన చిన్నపిల్లాడిలా ఊరికే నిలబడ్డాడు. నురగంతా పోయాక తుడుచుకోబోతే ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"సోమవారం నాతో ఆస్పత్రికి రావాలి మామయ్యా. రక్తం చూపిద్దాం."

"కాయలు కొయ్యాలిగా?"

"కోద్దాం. ముందు ఇంకోసారి చాచు."

ఆయన రెండు చేతులూ చాచాడు. ఆమె మళ్ళీ సబ్బు అందుకుంది.